అర్జీ పెట్టినవారికే శిక్షా?

సీనియారిటీ లిస్టులో తన పేరు కిందికి ఎందుకు జారిందని ఒక ఉద్యోగి అడుగుతాడు. నోటిమాటగా అడిగితే జవాబుండదు. కాగితం మీద అడిగితే మెమో వస్తుంది. 'త్రూ ప్రాపర్ ఛానల్' రాలేదని మొదటి మెమో, ఆఫీసు వాతావరణం చెడగొడుతున్నావని రెండో మెమో. మూడో నెలలో బదిలీ. లీవు శాంక్షన్ కాదు, ఇంక్రిమెంటు ఆగుతుంది, రోజూ కలిసి చాయ్ తాగే దోస్తులు పక్క బల్లకు జరుగుతారు. అన్యాయం చేసినాయన కుర్చీలోనే ఉంటాడు. అన్యాయమన్నాయన సంచి పట్టుకొని బస్టాండులో నిలబడతాడు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. ఉద్యోగం చేసే ప్రతి ఇంటికీ తెలిసిన గోస ఇది. అందుకే నూటికి తొంభై మంది 'ఎందుకొచ్చిన తకరారు' అని నోరు మూసుకుంటారు. వాళ్లను పిరికివాళ్లని అనడానికి మనకు నోరెట్లా వస్తుంది? లెక్క వేసుకొని వెనక్కి తగ్గుతున్నారు. ఆ లెక్కను ఒకసారి మనమూ చూద్దాం.

ఫిర్యాదుకు రెండు ఖర్చులున్నాయి. మొదటిది పైసల ఖర్చు. వకీలు ఫీజు, టైపింగు, జిరాక్సులు, అఫిడవిట్లు. ఆదిలాబాద్ ఉద్యోగి హైదరాబాద్ వచ్చి వకీలును కలవాలంటే సుమారు 300 కిలోమీటర్లు రావాలి, అంతే దూరం తిరిగి పోవాలి. రెండోది రసీదు లేని ఖర్చు. ఆగిపోయిన ప్రమోషన్, పోయిన పేరు, పట్టని నిద్ర. మరి ఎదుటి పక్షం ఖర్చెంత? సర్కారు వకీలుకు ఫీజు ఖజానా నుంచి పోతుంది. అందులో అర్జీదారు కట్టిన పన్ను కూడా ఉంది. కంపెనీ అయితే ఆ ఫీజును వ్యాపార ఖర్చు కింద రాసుకుంటుంది. వాయిదా పడితే అధికారి జేబులోంచి పైసా పోదు. అర్జీదారు మాత్రం ఇంకో అప్పు చేయాలి. కేసు ఎన్నేళ్లు నడిస్తే ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

తెలంగాణకు ఈ పాఠం కొత్తది కాదు. ఆరు సూత్రాల పథకం 1973లో వచ్చింది. దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణ చేరింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాయి. ఉద్యోగుల తగాదాలు వినడానికి పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టారు. కానీ అదే అధికరణలో ఒక మెలిక పెట్టారు. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు అమలులోకి రాకముందే దాన్ని మార్చే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చారు. ఎవరి మీద కేసు వేశామో వాళ్లే తీర్పును కొట్టేయవచ్చన్న మాట! ఇది చట్టబద్ధ పాలనకే విరుద్ధమని సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో కొట్టివేసేదాకా ఆ మెలిక రాజ్యాంగంలో ఉంది.

610 జీవో సంగతి అందరికీ తెలిసిందే. 1985 డిసెంబరు 30న వచ్చింది. ఉత్తర్వులకు విరుద్ధంగా నియమించిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వాళ్ల జోన్లకు పంపాలన్నది. కేటాయింపుల మీద తేలకుండా ఉన్న అప్పీళ్లను కూడా ఆ తేదీలోగా తేల్చాలన్నది. పదేళ్ల కింద పెట్టుకున్న అర్జీలు ఫైళ్లలోనే నిద్రపోతున్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా? ఆ గడువు దాటి పదిహేనేళ్లయ్యాక, 2001లో, అమలెందుకు కాలేదో చూడమని గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ఈలోగా ఎందరో అర్జీదారులు రిటైరయ్యారు. వాళ్ల పోయిన సర్వీసును ఏ కమిషన్ తిరిగి ఇవ్వగలదు?

2014లో రాష్ట్రం వచ్చింది. అర్జీదారు కష్టం తీరిందా? 2016లో తెలంగాణకు పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయింది. సర్వీసు కేసంటే ఇప్పుడు హైకోర్టు మెట్లే ఎక్కాలి. 2021 డిసెంబరులో 317 జీవో వచ్చినప్పుడు సొంత జిల్లాలకు దూరమైన టీచర్లు, ఉద్యోగులు మళ్లీ అప్పీళ్ల కాగితాలే పట్టుకొని తిరిగారు. ఇక హైటెక్ సిటీలో కొలువు చేసే మన పిల్లలకు మెమో కూడా రాదు. పనితీరు బాగాలేదంటారు, రాజీనామా రాయమంటారు, ఎదురు మాట్లాడితే రిలీవింగ్ లెటర్ ఆపుతామంటారు.

ఆడవాళ్ల గోస ఇంకా పెద్దది. బాల్యవివాహాలు ఆపే ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసినందుకు రాజస్థాన్‌లో భన్వరీ దేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఉద్యోగం చేసేచోట స్త్రీలకు రక్షణ కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లే భారం మాత్రం ఆమె మీద పడలేదు. 'విశాఖ' అనే మహిళా సంస్థ, మరికొన్ని సంఘాలు ఆ భారం మోశాయి. 1997 తీర్పు, 2013 చట్టం అట్లా వచ్చినవే. పదేళ్ల తరవాత, 2023లో, ఆ చట్టం అమలులో లోపాలు చాలా ఉన్నాయని సుప్రీంకోర్టే అన్నది.

అయినా చట్టం ఇచ్చిన పనిముట్లను వదులుకోవద్దు. 2013 చట్టం కింద ఆఫీసు కమిటీ ముందు ఏ పక్షమూ వకీలును తెచ్చుకోకూడదు, కాబట్టి ఆ ఖర్చు లేదు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. విచారణ సాగుతుండగా ఎదుటివాణ్ని బదిలీ చేయమని, తనకు మూడు నెలల దాకా సెలవు ఇమ్మని కోరవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతున్నది. సీనియారిటీ లిస్టు, నోట్ ఫైలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. ఇచ్చిన ప్రతి అర్జీకి ఇన్‌వార్డు నెంబరు తీసుకోండి. ప్రతి మెమో నకలు ఇంట్లో దాచుకోండి. రేపు కక్షసాధింపును నిరూపించేవి ఆ తేదీలే.

కానీ కాగితాలు ఒక్కటే కాపాడవు. 610 జీవో ఎట్లా వచ్చింది? ఒక్కో ఉద్యోగి అర్జీ పెట్టుకుంటే రాలేదు. తెలంగాణ ఎన్జీవోలు సంఘంగా నిలబడి అడిగితే వచ్చింది. డైరీలు, క్యాలెండర్లు అచ్చువేసే ప్రతి ఉద్యోగ సంఘం ఈ ఏడాది నుంచి ఒక న్యాయనిధి పెట్టాలి. సభ్యుడి కేసు సంఘం కేసు కావాలి. వివక్ష మీద ఫిర్యాదు పెట్టిన ఏడాదిలోగా బదిలీ, సస్పెన్షన్ వస్తే అది కక్షసాధింపు కాదని నిరూపించే బాధ్యత యాజమాన్యం మీదే పెట్టాలి. కావాలని కేసు సాగదీసిన అధికారి జీతం నుంచే ఖర్చులు రాబట్టాలి. ఈ రెండు డిమాండ్లను ప్రభుత్వం ముందు పెట్టాలి.

అంతకన్నా ముందు మనం చేయగలిగిన పని ఒకటుంది. రేపు మీ సెక్షన్‌లో ఎవరైనా అర్జీ పెడితే, చాయ్ గ్లాసు పట్టుకొని పక్క బల్లకు జరగకండి. ఆ అర్జీ కింద మీ సంతకం కూడా పెట్టండి. ఒక్కరిని బదిలీ చేయడం అధికారికి సులువు. సెక్షన్ మొత్తాన్ని బదిలీ చేయడం ఆయన తరం కాదు.