ప్రాణం తీసిన యంత్రానికి దర్యాప్తు లేదా?

2022 ఏప్రిల్‌లో వైఎస్సార్ కడప జిల్లా బి.కోడూరు మండలంలో, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న యువతి ఒకరు చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ పేలి తీవ్రంగా కాలిపోయారు. ఆ గాయాలతోనే మరణించినట్లు తరువాత వార్తలు వచ్చాయి. ఇటువంటి ఘటనల్లో పంచనామా పూర్తికాకముందే షార్ట్ సర్క్యూట్ అన్న మాట స్థిరపడిపోతుంది, ఆపైన అడిగేవారుండరు. యంత్రం ఎందుకు పేలిందో తేల్చవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని చట్టంలో స్పష్టంగా రాయాలి. కర్ణాటకలోని శ్రీనివాసపురం తాలూకా రాయల్పాడు మొదలుకొని మదనపల్లె దాకా, బెంగళూరు కొలువు ఇంటి మంచం మీదికే వచ్చిన ఈ సరిహద్దు సీమకు ఇది దూరపు వార్త కాదు.

షార్ట్ సర్క్యూట్, అంటే విద్యుత్తు తన దారి విడిచి అడ్డదారిన ప్రవహించడం, గోడ ప్లగ్గులోనూ జరగవచ్చు, అడాప్టర్‌లోనూ జరగవచ్చు, బ్యాటరీ సెల్ లోపలా జరగవచ్చు. ఈ మూడింటికీ బాధ్యులు వేరు. 230 వోల్టుల సరఫరాను సుమారు 20 వోల్టులకు దించే అడాప్టర్‌లో ఇన్సులేషన్ చెడితే ఒంటికి షాక్ తగలవచ్చు. లిథియం అయాన్ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్లను వేరుచేసే పలుచని పొర దెబ్బతింటే, పుట్టిన వేడి రసాయన చర్యను, ఆ చర్య మళ్లీ వేడిని పెంచుకుంటూ పోయి సెల్ మండిపోతుంది. దీనినే థర్మల్ రనవే అంటారు. పరుపు మీద గాలి ఆడక యంత్రం వేడెక్కితే ముప్పు పెరుగుతుందన్నది నిజమే, కానీ నెపమంతా పరుపు మీదికి, అంటే చనిపోయిన మనిషి మీదికి నెట్టడం తయారీదారుకు మాత్రమే సుఖం. కరిగి గుండ్లు కట్టిన రాగి తీగ, లోపలి నుంచి చీలిన సెల్ తొడుగు ఫోరెన్సిక్ నిపుణులకు చాలా చెబుతాయి, ఎవరూ బూడిద ఊడ్చి పారబోయకుండా ఉంటే.

తొందరపాటు నిర్ణయం ఎంత దూరం తీసుకుపోతుందో 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 చూపింది. లోపం ఒక సరఫరాదారు బ్యాటరీలదేనని భావించి మరొకరి బ్యాటరీలతో ఫోన్లు మార్చి ఇస్తే అవీ మండాయి. 2 లక్షలకు పైగా ఫోన్లను పరీక్షించాకగానీ రెండు బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలున్నాయని తేలలేదు. మలేషియాలో 2018లో ఒక సంస్థ అధిపతి మరణాన్ని తొలుత ఫోను పేలుడుగా ప్రచారం చేయగా, తరువాత పోలీసులు దానిని హత్య కేసుగా మార్చారు.

మన చట్టంలో ఉన్న ఖాళీ చిన్నది కాదు. 2003 నాటి విద్యుత్ చట్టం 161వ సెక్షన్ విద్యుత్ లైన్లు, ప్లాంటుకు సంబంధించిన ప్రమాదాలపై విచారణకు వీలు కల్పిస్తుంది గానీ, వినియోగదారు అధీనంలో ఉన్న ఉపకరణాన్ని ప్లాంటు నిర్వచనం నుంచే తొలగించింది. పోలీసుల శవ పంచనామా మరణానికి పైకి కనిపించే కారణాన్ని చూస్తుంది, సెల్‌ను విప్పి చూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రమాదకర వస్తువులను వెనక్కి రప్పించే అధికారాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చినా, లోపం రుజువు కావడానికి మొదట కాలిన యంత్రం భద్రంగా మిగలాలి.

ప్రమాద స్థలాన్ని భద్రపరచే నియమం మనకు కొత్త కాదు. 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లో రాక్‌బరస్ట్, అంటే లోతున ఒత్తిడికి రాయి హఠాత్తుగా బద్దలవడం, ఎందరినో బలిగొన్నది. ప్రాణనష్టం జరిగిన చోటును తనిఖీ అధికారి వచ్చేదాకా, లేదా ఆయన సమ్మతి లేనిదే, కదిలించరాదని, సమాచారం అందిన రెండు నెలల్లో విచారణ జరగాలని 1952 గనుల చట్టం నిర్దేశించింది. భూగర్భంలోని కార్మికుడికి దక్కిన ఆ హక్కు ఇంట్లో కొలువు చేసే ఉద్యోగికి ఎందుకు ఉండకూడదు? ప్రతి కాలిన ప్లగ్గుకూ విచారణ సాధ్యం కాదన్న అభ్యంతరం సమంజసమే గనుక, కోరుతున్నది మరణాల వరకే. కేంద్రం విద్యుత్ చట్టంలోని ప్లాంటు నిర్వచనాన్ని సవరించేలోగా, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు అటువంటి ప్రతి మరణంలోనూ గదిని మూసి ఉంచాలని, ల్యాప్‌టాప్‌ను, అడాప్టర్‌ను, ప్లగ్గును కలిపి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపాలని, వచ్చిన నివేదికను మృతుల కుటుంబానికి ఇవ్వాలని పోలీసు స్టేషన్లకు ఉత్తర్వులు జారీ చేయాలి.