గొంతులో పోరు.. గుండెకు చేటు

పిల్లలకు గొంతు నొప్పి వస్తే ఐస్‌క్రీం తిన్నందుకు నాలుగు చీవాట్లు పెట్టి, ఉప్పునీళ్లు పుక్కిలించమంటాం. చాలాసార్లు అంతటితో తగ్గిపోతుంది. ఈ నొప్పుల్లో అధిక భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. మిగిలినవాటిలో ముఖ్యమైన దోషి గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. దాన్ని గొంతులో ఉండగానే పట్టుకోవడం మానేసి, గుండె దాకా వెళ్లాక లక్షలు ఖర్చు పెడుతున్నాం.

గొంతుకు రెండు పక్కలా ఉండే టాన్సిల్స్ రక్షణ కణాల స్థావరాలు. వాటిపై ఉండే లోతైన గుంతల్లోకి నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చే క్రిములు చేరతాయి. టి-కణాలు వాటిని గుర్తించి సాయపడితే, బి-కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. స్ట్రెప్టోకాకస్ ఈ క్రమాన్ని అడుగడుగునా దెబ్బతీస్తుంది. దాని పైపొర హైలురోనిక్ ఆమ్లంతో తయారైంది. మన ఒంట్లోనూ ఉండే పదార్థమే కావడంతో అది పరాయిదని పసిగట్టడం రక్షణ కణాలకు కష్టం. క్రిములను మింగేసే కణాలకు చిక్కకుండా ఎం-ప్రొటీన్ కాపాడుతుంది. పదేపదే టాన్సిల్స్ వాచే పిల్లలపై అమెరికాలోని లా జొల్లా సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం మరీ కలవరపరుస్తుంది. ఈ బ్యాక్టీరియా వదిలే స్పీ-ఎ అనే విషం ప్రభావంతో, బి-కణాలకు తోడ్పడాల్సిన టి-కణాల్లో కొన్ని వాటినే చంపుతున్నాయి. ఆ విషాన్ని అడ్డుకునే యాంటీబాడీలూ ఈ పిల్లల్లో తక్కువే. టాన్సిల్స్ పదేపదే వాచే ధోరణి కొన్ని కుటుంబాల్లో ఎక్కువని కూడా తేలింది. ఇక ఐస్‌క్రీం మీద నింద ఎందుకు?

నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు అసలు ముప్పు మొదలవుతుంది. బ్యాక్టీరియాపై తయారైన యాంటీబాడీలు, టి-కణాలు కొందరు పిల్లల్లో ఆ క్రిమి ప్రొటీన్లకూ గుండె కణజాలానికీ ఉన్న పోలికను బట్టి పొరబడి గుండె కవాటాలపై పడతాయి. అదే రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల వయసువారికి ఎక్కువగా వస్తుంది. కీళ్ల నొప్పులు ఒకచోట తగ్గి మరోచోట తేలతాయి, ఆయాసం వస్తుంది. దాని పర్యవసానమైన రుమాటిక్ గుండె జబ్బుతో ప్రపంచంలో ఏటా సుమారు 3 లక్షల మంది చనిపోతున్నారు.

గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే ఈ జ్వరాన్ని నివారించవచ్చు. అమెరికా సైనికులపై జరిగిన పరీక్షలతో 1950 నాటికే దీనికి ఆధారం దొరికింది. పెన్సిలిన్‌ను తట్టుకునే శక్తి ఈ క్రిమికి నేటికీ రాలేదు. మన దగ్గర మాత్రం ఏ గొంతు నొప్పికైనా మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇచ్చేస్తున్నారు. వైరస్‌కు అది దండగ. పది రోజుల పెన్సిలిన్ రాసినా, జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేసే ఇళ్లు ఎన్నో.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఇలా గుండె దెబ్బతిన్నవారితో సహా ఎందరో పేదలకు గుండె ఆపరేషన్లు ఉచితంగా చేయించింది. అది గొప్ప పనే. కానీ లోహపు కవాటం వేయించుకున్న అమ్మాయి జీవితాంతం రక్తం పలచబడే మందు వాడాలి, తరచూ రక్తపరీక్షలు చేయించుకోవాలి. గర్భం దాల్చితే తల్లికీ బిడ్డకీ గండమే.

గొంతులో నమూనా తీసి నిమిషాల్లో తేల్చే పరీక్ష ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి అవసరం. రియాక్షన్ భయంతో దాన్ని వేయడానికి వెనకాడే వైద్యులకు శిక్షణ, అత్యవసర మందులు అందించాలి. బడుల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ గుండె జబ్బు ఇప్పటికే ఉంది. అక్కడ గుర్తించిన పిల్లల పేర్లు రిజిస్టరులో రాసి, టీకా తేదీలు గుర్తుచేసినట్టే ఇంజెక్షన్ తేదీని ఏఎన్ఎంల ద్వారా ఇంటికి చేరవేసే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.