ఆటలో తెలిసే హక్కు

సురంగల్ వంటి పల్లెల్లో సైతం నేడు స్కాలర్‌షిప్ దరఖాస్తు మొదలు మస్జిద్ ప్రకటన వరకు అన్నీ ఫోన్‌లోనే. చూపులేని వారికి ఆ తెర మూసిన తలుపు కారాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉద్దేశం ఇదే. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో అంతర్భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఈ సంగతిని మన పిల్లలకు ఉపన్యాసంతో కాక ఆటతో నేర్పుదాం. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకుని మస్జిద్ కమిటీ వాట్సాప్ ప్రకటనను వినమందాం. అక్షరాలుగా టైపు చేసినది ఫోన్ చదివి వినిపిస్తుంది. ఫొటోగా పంపిన పోస్టర్ దగ్గర తరచూ తడబడుతుంది. లోపం మనిషిలో కాదు, మన ప్రకటనలో ఉందని వారే గ్రహిస్తారు. చూపులేని సోదరుడో సోదరియో ఈ ఆట నడిపిస్తే అది జాలిగా మిగలదు.

అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి)ను దైవప్రవక్త (స) ముఅజ్జిన్‌గా నిలిపారు. ముందు మన ప్రకటనలు సరిదిద్దుకుందాం. ఆపై ప్రభుత్వాన్ని నిలదీద్దాం.