జాతకం చూసిండ్రు, నెత్తురు చూసిండ్రా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల లగ్గం వయసు పిల్లలున్న ప్రతి ఇంటికి,

నేను మా మేనత్త బిడ్డనే చేసుకున్న. ఇద్దరం గట్టిగనే ఉన్నం. మాకు పుట్టిన బిడ్డ ఆరో నెల నుంచే పాలిపోయింది. ఐరన్ మందు తాపినం, తాయెత్తు కట్టినం. తలసీమియా అని తేలేసరికి ఏడాది దాటింది. ఇప్పుడు ఏడేండ్లు. మూడు వారాలకోసారి నెత్తురు ఎక్కించాలె. నరం యాడ దొరుకుతదో నర్సమ్మ కంటే ముందు అదే చెయ్యి చాపి చూపిస్తది.

మా అమ్మ కోడలినే అన్నది, నీ కడుపుల దోషమని. కాదు. దాదాపు ప్రతి జన్యువూ బిడ్డకు జోడుగ వస్తది, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. సాంచెల కాడ పనిచేసేటోళ్లకు తెల్వంది కాదు: రెండు పోగులు పేనిన దారంల ఒకటి సన్నబడ్డా ఇంకోటి ఆపుతది. రెండూ ఒక్కతాన్నే సన్నబడితే పుటుక్కుమంటది. నాదొక సన్న పోగు, మా ఆమెదొక సన్న పోగు. ఇసొంటి జంటకు ప్రతి కాన్పుల నాలుగింట ఒక పాలు రోగం. పెద్దదానికి వచ్చింది, చిన్నదానికి రాదనుకోవద్దు. లెక్క ప్రతిసారి మొదటికే వస్తది.

బావ మరదళ్లు జన్యువులల్ల ఎనిమిదో వంతు పంచుకుంటరు, మేనమామ మేనకోడళ్లు నాలుగో వంతు. అందుకే ఇద్దరికీ ఒక్కతాన్నే సన్నబడ్డ పోగు ఉండే అవకాశం ఎక్కువ. చుట్టరికం లేకున్నా, తరాలకొద్ది ఒక్క కులంలనే ఇచ్చిపుచ్చుకుంటే చిక్కే. వైశ్యులల్ల కొందరికి ఆపరేషన్లప్పుడు ఇచ్చే ఒక మందు పడక, కండరాలు చానాసేపు చచ్చుబడుతయి. అదీ ఇట్ల వచ్చిందే.

మేనరికం బంద్ చేయుమని అంటలేను, అన్నా ఎవరింటరు? వరపూజకు ముందు ఇద్దరికీ ఈ సన్న పోగును పట్టే హెచ్‌బీ ఏ2 నెత్తురు పరీక్ష చేయించుండ్రి. ఒక్క సూది పని. సన్న పోగు ఒక్కరికే ఉంటే లగ్గానికి అడ్డం లేదు. మన పోరగాండ్లు పనికి పోయే సౌదీల మేనరికాలు మనకంటే తక్కువేం కాదు. అయినా 2004 నుంచి ఈ పరీక్ష కాగితం లేనిదే అక్కడోళ్ల పెండ్లి రాయరు.

జగిత్యాలకు 2022ల, సిరిసిల్లకు 2023ల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. అక్కడ గర్భిణి మొదటిసారి చూపించుకోను వచ్చిన్నాడే ఈ పరీక్ష పైసల్లేకుండ చేయాలె, కోరుట్ల దవాఖానల సుత. ఆమెకు ఉంటే మొగనికీ చేయాలె. ఇద్దరికీ ఉంటే పది పన్నెండు వారాలల్లనే కడుపుల బిడ్డను పరీక్షించే తొవ్వ చూపాలె.

సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణికి దరఖాస్తు ఇస్తున్నం. వచ్చి సంతకం పెట్టుండ్రి. ఆ రోజు మా బిడ్డకు నెత్తురు ఎక్కించేది లేదు, దాన్ని కూడ తోలుకొస్త.