వెనకాల ఉన్నవాడు వినిపిస్తున్నాడా?

పొద్దున ఆరింటికి మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర గేటు తీస్తారు. రాత్రి తొమ్మిది దాటితే నల్లమల అడవిలోకి బండ్లని వదలరు. అందుకే శ్రీశైలం రైడ్ అంటే మా బ్యాచ్‌ది ఒకటే లెక్క. మూడింటికల్లా హైదరాబాద్ వదిలెయ్యాలి, గేటు తీసే టైమ్‌కి అక్కడ ఉండాలి. రెండేళ్ల కిందట నవంబర్‌లో కూడా అలాగే వెళ్లాం. నాలుగు బండ్లు, నలుగురం. చెవుల్లో మామూలు ఇయర్‌ఫోన్స్, వాట్సాప్‌లో గ్రూప్ కాల్. "ఫ్రీగా పని అయిపోతుంటే హెల్మెట్ ఇంటర్‌కమ్ ఎందుకురా, డబ్బులు దండగ" అన్నది ఎవరో కాదు, నేనే.

మన్ననూర్ దాటాక సిగ్నల్ పోయింది. కాల్ కట్. ఎవరమూ పట్టించుకోలేదు. ఖాళీ రోడ్డు, చల్లగాలి, అడవి. అలా వెళ్లిపోయి వటవర్లపల్లిలో టీ కోసం ముగ్గురం ఆగాం. నాలుగోవాడు, మా రూమ్మేట్, రాలేదు. ఫొటోలు తీసుకుంటున్నాడులే అనుకున్నాం. ఒక టీ అయింది, రెండో టీ కూడా అయింది. ఇరవై ఐదు నిమిషాలు గడిచాక అప్పుడు బండ్లు వెనక్కి తిప్పాం.

ఒక మలుపులో రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. కోతి అడ్డొస్తే బ్రేక్ కొట్టాడట, కంకర మీద టైరు జారిందట. మణికట్టు విరిగింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "కాల్ కట్ అయిందని తెలీదురా. మీకు వినపడుతోంది అనుకుని కాసేపు మాట్లాడుతూనే ఉన్నా" అన్నాడు.

ఆ మాట తర్వాత ఇంటర్‌కమ్ దండగా కాదా అన్న చర్చ మా రూమ్‌లో మళ్లీ రాలేదు. ఏది కొనాలన్నదే మిగిలింది. అక్కడా ఒకసారి బోర్లా పడ్డాం, అది కూడా చెప్తా.

ముందు బేసిక్స్. ఇంటర్‌కమ్‌కి మొబైల్ సిగ్నల్‌తో పని లేదు. హెల్మెట్‌లో ఉన్న యూనిట్ నేరుగా పక్క హెల్మెట్‌లో ఉన్న యూనిట్‌తో మాట్లాడుతుంది. వైఫై, మామూలు బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే ఇదీ నడుస్తుంది. ఫోన్‌కి కూడా బ్లూటూత్‌తో కనెక్ట్ అవుతుంది కాబట్టి మ్యాప్స్ చెప్పే దారి, పాటలు, కాల్స్ అన్నీ వస్తాయి. షాపు వాడు వీటినే ముందు చూపిస్తాడు. కానీ మనం డబ్బులు పెట్టాల్సింది సిగ్నల్ లేని చోట అది ఏం చేస్తుందన్న దానికి.

మేం మొదట ఆన్‌లైన్‌లో తలా మూడు వేలు పెట్టి నాలుగు సెట్లు తెప్పించాం. డబ్బా మీద "6 రైడర్లు, 1200 మీటర్లు" అని ఉంది. మనం నలుగురమే కదా, సరిపోతుందిలే అనుకున్నాం. తీరా చూస్తే ఆరుగురిని పెయిర్ చేసుకోవచ్చు, నిజమే. ఒకసారి మాట్లాడుకోగలిగేది మాత్రం ఇద్దరే. మూడోవాడితో మాట్లాడాలంటే బటన్ నొక్కి మార్చుకోవాలి. గ్లౌజులు వేసుకుని, ఘాట్‌లో, ఏ బటన్ ఏదో తడుముకుంటూ! ఇది మోసం అనలేం, ఎందుకంటే లోపలి పేపర్‌లో చిన్న అక్షరాలతో రాసే ఉంది. చదవనిది మేమే. రోజూ డాక్యుమెంటేషన్ చదవమని జూనియర్లకి చెప్పే ఉద్యోగం నాది. అందుకే, "ఎంతమందితో పెయిర్ అవుతుంది" అని కాదు, "ఒకేసారి ఎంతమంది మాట్లాడొచ్చు" అని అడగండి.

నలుగురైదుగురు కలిసి మాట్లాడే పాత తరహా బ్లూటూత్ సెట్లు కూడా ఉన్నాయి. అవి గొలుసులా పనిచేస్తాయి. ఒకటో బండి రెండోదానితో, రెండోది మూడోదానితో. వినాయక చవితి పందిరికి కట్టే సీరియల్ లైట్లు తెలుసు కదా, మధ్యలో ఒక బల్బు పోతే వరసంతా ఆరిపోతుంది. ఇదీ అంతే. మధ్యలో ఒకడు పెట్రోల్ కోసం ఆగితే వెనకున్నవాళ్లంతా తెగిపోతారు. మా ఆఫీస్ భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం.

దీనికి మందు మెష్. ఇందులో ప్రతి యూనిట్ తన మాట చెప్పడమే కాకుండా పక్కవాడి మాట కూడా మోసుకెళ్తుంది. మధ్యలో ఒకడు తప్పుకుంటే మిగతావి వేరే దారి వెతుక్కుంటాయి. వాడు తిరిగొస్తే మళ్లీ పెయిరింగ్ గొడవ లేకుండా దానంతటదే కలిసిపోతుంది. కార్డో కంపెనీ 2015లో ప్యాక్‌టాక్‌తో దీన్ని రైడర్లకి తెచ్చింది. అందులో 15 మంది దాకా ఒక గ్రూప్‌లో ఉండొచ్చు. తర్వాత సేనా కూడా తన మెష్‌తో వచ్చింది. వీటి పెద్ద మోడల్స్ మన దగ్గర ముప్పై వేలు దాటుతాయి. అంటే కొందరి సెకండ్ హ్యాండ్ స్కూటీ రేటు. బెంగళూరు కంపెనీ బ్లూఆర్మర్ కూడా మెష్ మోడల్స్ చేస్తోంది. సర్వీస్ మన దేశంలోనే కాబట్టి దాన్ని కూడా లిస్టులో పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. ఫోన్‌పే నుంచి గూగుల్ పేకి డబ్బులు పంపినంత సులువుగా ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. కార్డో మెష్ వేరు, సేనా మెష్ వేరు. రెండిటినీ కలపాలంటే బ్లూటూత్‌తో ముడి వెయ్యాలి. అప్పుడు మెష్ కోసం పెట్టిన డబ్బుకి అర్థం ఉండదు. అందుకే ఎవరైనా నన్ను "ఏ ఇంటర్‌కమ్ బెస్ట్?" అని అడిగితే, "మీవాళ్ల దగ్గర ఏముంది?" అని తిరిగి అడుగుతా. మీ బ్యాచ్‌లో నలుగురి దగ్గర ఒక కంపెనీది ఉంటే, యూట్యూబ్‌లో ఇంకోదానికి ఎన్ని స్టార్లు ఇచ్చినా మీరు కొనాల్సింది ఆ నలుగురిదే.

అలాగని అందరికీ మెష్ అక్కర్లేదు. మీరూ, వెనక సీట్లో మీ ఆవిడో, తమ్ముడో, అంతేనా? మామూలు బ్లూటూత్ జత చాలు. వెనక కూర్చున్న మనిషికీ మీకూ మధ్య ఉన్నది ఒక అడుగు దూరం, దానికి కిలోమీటర్ రేంజ్ ఏం చేసుకుంటారు? మా అక్క, బావ అలాంటిదే వాడుతున్నారు. ఇప్పుడు గొడవలు కూడా అరవకుండా పడుతున్నారు. ఒంటరిగా ఆఫీసుకెళ్లి వచ్చేవాళ్లకైతే అసలు ఇంటర్‌కమ్మే అవసరం లేదు, స్పీకర్, మైక్ ఉన్న సింపుల్ హెల్మెట్ హెడ్‌సెట్ సరిపోతుంది.

రేంజ్ గురించి ఒక మాట. 1.6 కిలోమీటర్లు, 2 కిలోమీటర్లు అని కంపెనీలు రాసేది అడ్డం లేని మైదానంలో, ఎదురెదురుగా కనిపిస్తున్నప్పుడు. సిటీలో బిల్డింగులు, బస్సులు దాన్ని తగ్గిస్తాయి. ఘాట్‌లో కొండే అడ్డం. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే వంపుల్లో, ముందు బండి మలుపు తిరగ్గానే గొంతు గరగరలాడడం మాకు ఖరీదైన సెట్‌తో కూడా అనుభవమే. డబ్బా మీద అంకెలో సగం వస్తే సంతోషించండి. మారేడుమిల్లి, అరకు వైపు వెళ్లేవాళ్లు ఇంకా తక్కువే లెక్కేసుకోండి. మెష్‌లో మధ్య బండి మాట మోస్తుంది కాబట్టి, బండ్లు మరీ చెదిరిపోకుండా వరసగా ఉంటే కొండల్లో కూడా గొలుసు నిలుస్తుంది.

ఇక సౌండ్. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ పైనే ఉంటుంది. కాబట్టి గదిలో కూర్చుని విని "సూపర్ బాస్" అనుకోవడం దండగ. 40 మిల్లీమీటర్ల స్పీకర్లు మంచివే, కానీ అవి కరెక్టుగా చెవి రంధ్రం ఎదురుగా కూర్చోవాలి. వేలెడు పక్కకి జరిగితే ముప్పై వేల సెట్ కూడా మూడు వేలదానిలా వినిపిస్తుంది. ఫస్ట్ వారం నేను కంపెనీకి కంప్లయింట్ మెయిల్ రాయబోయి, స్పీకర్‌ని కొంచెం కిందకి జరిపి, మెయిల్ డిలీట్ చేశా. మీ హెల్మెట్ లోపల చెవుల దగ్గర గుంతలు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. లేకపోతే స్పీకర్ చెవికి నొక్కుకుని గంటలో తలనొప్పి తెప్పిస్తుంది. అప్పుడు కొందరు చాకు తీసి లోపలి థర్మోకోల్ లాంటి పొరని చెక్కేస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. కిందపడ్డప్పుడు దెబ్బని మింగేది ఆ పొరే. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. అలాంటి మార్కున్న హెల్మెట్ కొని మన చేతులతో మనమే పాడుచేసుకోవడం ఎందుకు?

మైక్‌లో రెండు రకాలుంటాయి. మొహమంతా మూసే ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి గడ్డం దగ్గర అంటించే చిన్న బటన్ మైక్. ముందు తెరిచి ఉండే హెల్మెట్‌కీ, పైకెత్తే మాడ్యులర్‌కీ కాడ ఉన్న మైక్. మైక్‌కి తొడిగే స్పాంజి ముక్క పారేస్తే మీ మాట బదులు తుఫాను వినిపిస్తుంది. బ్యాటరీ ఎనిమిది గంటలకి తక్కువైతే వద్దు. మెష్ ఆన్‌లో ఉంటే బ్యాటరీ తొందరగా దిగుతుంది. వానకి ఐపీ67 అని అంకె ఉందో చూడండి. ఉత్త "వాటర్‌ప్రూఫ్" అన్న మాటకి విలువ లేదు. మే నెల ఎండలో హెల్మెట్‌ని ట్యాంకు మీద వదిలేసి భోజనానికి వెళ్లొద్దు, లోపలున్నది లిథియం బ్యాటరీ.

ఇవన్నీ చూసుకుని చివరికి నలుగురం ఒకే కంపెనీ మెష్ సెట్లు తీసుకున్నాం. ఇద్దరం ఈఎంఐలో. అప్పుడు నాకు ఇంకో జబ్బు పట్టుకుంది.

రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి. చెవిలో కాల్ వస్తోంది, చేతులు ఖాళీ, ఇంకేం కావాలి? మార్నింగ్ స్టాండప్ బండి మీదే అటెండ్ అవడం మొదలుపెట్టా. 2019లో సవరించిన మోటార్ వాహనాల చట్టం బండి నడుపుతూ చేత్తో పట్టుకుని ఫోన్ వాడితే ప్రమాదకర డ్రైవింగ్ కింద లెక్కేస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. నేను చేత్తో పట్టుకోలేదు కదా, క్లీన్ అనుకున్నా. ఒకరోజు కొండాపూర్ సిగ్నల్ దగ్గర, ప్రొడక్షన్‌లో ఏదో ఎర్రర్ గురించి మా లీడ్ అడుగుతుంటే లాగ్స్‌లో ఏముందో గుర్తు తెచ్చుకుంటున్నా. లైట్ రెడ్ అయింది. కళ్లతో చూశా, బుర్రకి ఎక్కలేదు. వాటర్ ట్యాంకర్ హారన్ విని బ్రేక్ కొట్టేసరికి ముందు చక్రం జీబ్రా క్రాసింగ్ అవతల ఉంది. ట్యాంకర్ అతను అన్న మాటలు స్పీకర్లు లేకుండానే స్పష్టంగా వినిపించాయి.

చేతులు ఖాళీగా ఉన్నా తల ఖాళీగా లేదు. పక్క బండివాడితో మాట్లాడడం, ఫోన్‌లో మాట్లాడడం ఒకటి కాదు. పక్క బండివాడు నా రోడ్డు మీదే ఉంటాడు, లారీ వస్తే వాడూ ఆగిపోతాడు. మా లీడ్‌కి ట్యాంకర్ కనిపించదు. ఇప్పుడు నా ఫోన్‌లో సెట్టింగ్ ఒకటే, బండి మీద ఉంటే ఇంట్లోవాళ్ల నంబర్లు తప్ప ఏ కాలూ రాదు. అవి వచ్చినా బండి పక్కకి ఆపే మాట్లాడతా. పాటలు హైవే మీద మాత్రమే, అదీ వెనక హారన్ వినపడేంత సౌండ్‌లో.

మొన్న జనవరిలో మళ్లీ శ్రీశైలం వెళ్లాం, అదే నలుగురం. మా రూమ్మేట్ ఇప్పుడు కావాలనే అందరికంటే వెనక ఉంటాడు. ముందు బండివాడి పని "ఎడమ పక్క కంకర", "ఎదురుగా ఆర్టీసీ బస్సు", "కోతులు" అని చెప్పడం. ప్రతి మలుపు దాటాక వెనక నుంచి "నాలుగు దాటింది" అని వీడు చెప్పాలి. మన్ననూర్ దాటగానే ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఫరహాబాద్ అయ్యాక ఆ మలుపు వచ్చింది. ముందువాడు స్పీడ్ తగ్గించాడు, అందరం తగ్గించాం. ఎవరూ ఏం మాట్లాడలేదు.

మలుపు దాటి కొంచెం దూరం వచ్చాం. వెనక నుంచి ఏమీ రాలేదు. నేనే అడిగా, "ఒరేయ్, వినపడుతోందా?"

"ఆఁ, వినపడుతోంది. నాలుగు దాటింది. టీ ఎక్కడ?"