ముందు కంచం చూడండి

తమ్ముళ్లూ, హాస్టల్లో చేరిన రోజు నన్ను వరుసలో అందరికంటే ముందు నిలబెట్టారు. “మీవాళ్లంతా పొట్టే” అన్నారొకరు. నేనూ నమ్మాను. బిహార్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ గురించి చదివాక ఆ నమ్మకం పోయింది.

1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన 21 ఏళ్ల యువకుణ్ణి పరీక్షించారు. చూస్తే పదేళ్ల పిల్లవాడు! తినేది పులియబెట్టని గోధుమ రొట్టె, మట్టి. అలాంటి రొట్టెలోని ఫైటేట్ జింక్‌ను ఒంటికి పట్టనివ్వదు. లోపం అక్కడుందని ప్రసాద్ అనుమానించారు. తరువాత ఈజిప్టులో అలాంటి వారికి జింక్ ఇస్తే ఎదిగారు. అయినా నిపుణులు చాలాకాలం ఒప్పుకోలేదు. 1974లో గానీ అమెరికాలో రోజూ అందవలసిన పోషకాల జాబితాలో జింక్ చేరలేదు. నేడు విరేచనాలైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింక్ మాత్రలూ ఇస్తున్నారు. ఆయన 2022లో కన్నుమూశారు.

ప్రతి పొట్టితనానికీ జింకే కారణమని నేననను. కానీ కులాన్ని, వంశాన్ని అనే ముందు కంచం చూడాలి. మెనూలో రాసిన గుడ్డు, పప్పు కంచంలోకి రావాలి. అలా అడగడం తిండిపోతుతనం కాదు, మన హక్కు.