క్యాలెండర్‌లో ఆ ఆరు రోజులు

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల వీధికి కాస్త ఎడంగా ఓ నర్సింగ్‌హోమ్. బయట బెంచీ మీద అత్తాకోడళ్లు. వాళ్లది పులివెందుల దగ్గర పల్లె. అమ్మాయికి పెళ్లై మూడేళ్లు. ‘ఇంకా ఏమీ లేదా?’ అన్న ప్రశ్న పెళ్లిళ్లలో, పేరంటాల్లో వినీ వినీ ఆ పిల్ల తలెత్తి మాట్లాడటం మానేసింది. మొక్కులు అయ్యాయి. పసరు మందులూ అయ్యాయి. మొన్నెవరో చుట్టాలావిడ రెండో పెళ్లి మాట కూడా ఎత్తిందట.

‘మా వాడు లారీ తోల్తాడు. అరటికాయల లోడుతో ఢిల్లీ పోతే వచ్చేసరికి రెండు వారాలు. అయినా కోడలు తలకు పోసుకునే నాటికి నేనే ఫోన్ చేసి పిలిపిస్తాను. నాలుగైదు రోజులుండి మళ్లీ లోడు ఎత్తుకుంటాడు’ అంది పెద్దావిడ. కొడుకూ కోడలూ కలిసి ఉండాలని ఆమె చేయగలిగిందంతా చేసింది. పేర్లు రాయనని మాటిచ్చాకే ఈ సంగతంతా చెప్పారు.

డాక్టరమ్మ ముందు ఏ స్కానింగూ రాయలేదు. గోడ మీది క్యాలెండర్ దించి, గడిచిన నెలసరి తేదీలు చెప్పమంది. అమ్మాయికి ముప్పై నాలుగు రోజులకోసారి వస్తోంది. భర్త ఇంట్లో ఉన్న రోజులకు టిక్కులు పెట్టించింది. బిడ్డ నిలవడానికి వీలున్న రోజులకు సున్నాలు చుట్టింది. ఒక్క టిక్కు కూడా సున్నాలో పడలేదు!

లెక్క ఎక్కడ తప్పింది?

తలస్నానం కాగానే గర్భం నిలిచే రోజులు మొదలవుతాయన్నది మన ఇళ్లలో పాత నమ్మకం. నెలసరి మొదలైన నాటి నుంచి పదహారు రాత్రులు ఋతుకాలమని ధర్మశాస్త్రాలూ చెప్పాయి. కానీ అసలు గడియారం అండాశయంలో ఉంది.

నెలసరి మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టాలి. ఆ తర్వాత అండాశయంలో ఒక అండం పెరిగి, పక్వానికి వచ్చి విడుదలవుతుంది. అలా విడుదలైన దాదాపు పద్నాలుగు రోజులకు మళ్లీ నెలసరి వస్తుంది. ఒకటీ అరా రోజులు అటూ ఇటూ కావచ్చు. జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో నాస్ అనే డాక్టర్లు 1920లలో ఎవరికి వారుగా ఈ సంగతి కనిపెట్టారు. కాబట్టి లెక్క ముందు నుంచి కాదు, వెనక నుంచి కట్టాలి. ఇరవై ఎనిమిది రోజులకు వచ్చేవారికి పద్నాలుగో రోజు. ముప్పై నాలుగు రోజులకు వచ్చేవారికి ఇరవయ్యో రోజు. అందరికీ పద్నాలుగో రోజే అనుకోవడం సరికాదు.

విడుదలైన అండం బతికేది మహా అయితే ఒక రోజు. పురుషుడి వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అందుకే అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు ఐదు రోజులూ... మొత్తం ఆరు రోజులే కీలకం. అమెరికాలో 221 మంది మహిళలను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. మన లారీ డ్రైవరు ఐదో రోజున వచ్చి పదో రోజున బండెక్కుతున్నాడు. ఆ అమ్మాయికి పనికొచ్చేవి పదిహేను నుంచి ఇరవై దాకా. అప్పటికి ఆయన ఢిల్లీ దారిలో ఉంటున్నాడు!

ఒంటి గుర్తులు

లెక్కతో పాటు శరీరమూ కబురు చెబుతుంది. అండం విడుదలకు ముందు తెల్లబట్ట పలచగా, గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఇది జబ్బు కాదు. దుర్వాసన, దురద ఉంటేనే డాక్టరుకు చూపించాలి. కొందరికి పొత్తికడుపులో ఓ పక్క సన్నటి నొప్పి వస్తుంది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ లోపు పెరుగుతుంది. కానీ అది తెలిసేసరికి సమయం దాటిపోతుంది. మూత్రంతో చూసుకునే కిట్లు మందుల షాపుల్లో దొరుకుతాయి. అవి ఒకటి ఒకటిన్నర రోజు ముందే సూచిస్తాయి. అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉన్నవారికి మాత్రం ఈ కిట్లు తప్పుదారి పట్టించవచ్చు.

వద్దనుకునేవారికి...

‘ఈ లెక్కను తిప్పేస్తే పిల్లలు పుట్టకుండా ఉంటారుగా?’ అని అడిగేవారున్నారు. ఆ ప్రయత్నం మన పక్కనే జరిగింది. 1950ల మొదట్లో బెంగళూరు దగ్గరి రామనగరంలో (తర్వాత ‘షోలే’ తీసింది అక్కడే) రోజులు గుర్తుపెట్టుకోమని ఆడవాళ్లకు రంగు పూసల దండలు ఇచ్చి చూశారు. ఆశించిన ఫలితం రాలేదు. జ్వరం వచ్చినా, దిగులుపడ్డా నెలసరి తేదీ జరుగుతుంది. పూసలకు ఆ సంగతి తెలియదు కదా!

జమ్మలమడుగు వైపు పల్లెల్లో తిరిగే ఓ ఆశా కార్యకర్త ఇంకో మాట చెప్పింది. ‘బిడ్డకు పాలిస్తున్నాం, ఇంకా నెలసరి రాలేదు, ఏం కాదులే అనుకుంటారక్కా. తీరా చూస్తే కడుపు’. నిజమే. కాన్పు తర్వాత మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదల కావచ్చు. వద్దనుకునేవారు రోజుల లెక్కను నమ్ముకునే బదులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికే సాధనాల గురించి అడగడం మేలు.

పరీక్ష ఇద్దరికీ

ఆ ఆరు రోజులు కలిసొచ్చినంత మాత్రాన వెంటనే నెల తప్పాలని లేదు. ఆరోగ్యంగా ఉన్న యువజంటకైనా ఏ నెలకానెల అవకాశం నాలుగో వంతుకు మించదు. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే డాక్టరును కలవాలి. భార్యకు ముప్పై ఐదేళ్లు దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి క్రమం తప్పుతుంటే అంతకాలం కూడా ఆగనక్కర్లేదు.

వెళ్లేది మాత్రం ఇద్దరూ. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో లోపం పూర్తిగానో కొంతగానో మగవారి వైపు ఉంటుంది. వీర్య పరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ. అయినా మన దగ్గర ముందు సూదులు పొడిచేది కోడలికే! పుట్టేది ఆడా మగా అన్నది నిర్ణయించేదీ తండ్రి వీర్యకణమే. సరి రాత్రి, బేసి రాత్రి కాదు.

డాక్టరమ్మ కూడా అదే అంది. ‘ఈసారి అబ్బాయినీ పంపండి’. పెద్దావిడ ముఖం కాస్త ముడుచుకుంది. ‘వాడికేమమ్మా, రాయిలా ఉన్నాడు’ అని గొణిగింది. డాక్టరమ్మ నవ్వి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసి, క్యాలెండర్ కాగితం చేతిలో పెట్టింది. ఆ నెలలో నెలసరి మూడో తేదీన మొదలైంది. పదిహేడు నుంచి ఇరవై రెండు దాకా సున్నాలు.

బస్టాండు దాకా వాళ్లతో నడిచాను. పులివెందుల బస్సు కోసం నిలబడ్డప్పుడు పెద్దావిడ కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది. ‘ఒరే నాయనా, లోడు ఎప్పుడైనా దొరుకుతాది. పదిహేడో తేదీకంతా నువ్వు ఇంట్లో ఉండాల. వచ్చినాక ఒకసారి ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోవాల. ఆ... నువ్వు కూడా!’

పక్కనే నిల్చున్న కోడలు ఆ మాటకు తలెత్తి అత్త వైపు చూసింది.